గాయము చేయని చూపు



ప్రాణాపాయ స్థితిలోనున్న రోగి దేహములోనికి, అతనికి గాయము చేయకయే తొంగిచూడగల సాధనములు ఈ దినములలో వైద్యుల చేతికి వచ్చినవి. ఇది మంచిదే. అయితే చూచుటతోనే మన పని తీరునా? చూచినవాడు తాను చూచినదానికి బాధ్యుడగునా? ఈ ప్రశ్న వైద్యులకు మాత్రమే సంబంధించినదని మీకు తోచవచ్చును. కాని పెద్దాసుపత్రిలో ఐసీయూ తలుపు వెలుపల బెంచీమీద కూర్చుండి, "లోపల అంకె ఎంత ఉన్నది బాబూ?" అని వచ్చిపోవు ప్రతి వారిని అడుగు కుటుంబమునకు కూడ ఇది తగిలిన ప్రశ్నయే. 2020, 2021 సంవత్సరముల కరోనా తరువాత అట్టి బెంచీ సంగతి తెలియని ఊరు మన జిల్లాలలో లేదు. కాబట్టి దీనిని గూర్చి కొంచెము నిదానించి ఆలోచింతము.

ముందుగా సంగతి ఏమో తెలిసికొందము. ఊపిరితిత్తులు అనగానే మనకు గాలి జ్ఞాపకము వచ్చును. గాలి సగము సంగతి మాత్రమే. గుండె కుడి భాగమునుండి బయలుదేరు రక్తమంతయు ఊపిరితిత్తులగుండా పోయి, అక్కడ ప్రాణవాయువును ఎక్కించుకొని, గుండె ఎడమ భాగమునకు వచ్చి, అటుపిమ్మట శరీరమంతటికి పంచబడుచున్నది. ఊరక కూర్చున్న పెద్దమనిషిలో నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తము ఈ దారిని నడచును. గాలియు రక్తమును ఒకే చోట కలిసికొనినప్పుడే ఊపిరికి ఫలము కలుగును.

వ్యవసాయము చేయువారికి ఇది సుళువుగా బోధపడును. నాగావళి కాలువ నీరు ఒక మడికి పారి, నారు వేరొక మడిలో నాటియున్నయెడల ఏమగును? కాలువలో నీరు లేదని ఎవడును చెప్పలేడు. నారు నాటలేదని ఎవడును చెప్పలేడు. అయినను పంట లేదు. ఊపిరితిత్తులలోను అట్లే జరుగును. గాలి చక్కగా చేరుచున్న భాగమునకు రక్తపు దారి గడ్డకట్టి మూసికొనిపోవచ్చును. నిమోనియాచేత నీరు నిండి గాలి చేరని భాగమునకు రక్తము వృథాగా పారుచుండవచ్చును. వెంటిలేటరు యంత్రము గాలిని మరీ బలముగా ఒత్తినయెడల సన్నని రక్తనాళములు నలిగి, గుండె కుడి భాగము అలసిపోవచ్చును. కావున గాలి ఎక్కడికి పోవుచున్నదో తెలిసికొనుట చాలదు, రక్తము ఎక్కడికి పోవుచున్నదో కూడ వైద్యునికి తెలియవలెను.

కరోనా కాలములో కొందరు రోగులు మంచముమీద కూర్చుండి ఇంటివారితో ఫోనులో మాటలాడుచునే యుండగా, వారి రక్తములో ప్రాణవాయువు ప్రమాదకరముగా పడిపోయెను. ఇంటివారు "బాగానే ఉన్నాడు గదా" అనుకొనిరి. గాలికిని రక్తమునకును పొత్తు చెడుట దీనికి ఒక కారణమని వైద్యులు గ్రహించిరి. పైకి కనబడనిది లోపల జరుగుచుండెను.

ఈ లోపలి దారిని చూడవలెనని మనుష్యులు చేసిన ప్రయత్నము చిన్నది కాదు. 1929లో జర్మనీ దేశమున ఫోర్స్‌మన్ అను యువ వైద్యుడు తన చేతి నరములోనుండి సన్నని గొట్టమును గుండెవరకు తానే ఎక్కించుకొని, ఎక్స్‌రే తీయించుకొనెను. వేరొకని దేహముమీద చేయుటకు ముందు తన దేహముమీదనే చేసికొనెను. 1956లో అతనికి మరి ఇద్దరితో కూడ నోబెల్ బహుమానము లభించెను. 1970లో అమెరికాలో స్వాన్, గాంజ్ అను వైద్యులు కొనయందు చిన్న బుడగ గల గొట్టమును తయారుచేసిరి. మెడ నరమునుండి గాని తొడ నరమునుండి గాని దానిని లోపలికి పంపినయెడల, ఆ బుడగ రక్తప్రవాహముతో తేలుచు గుండె దాటి ఊపిరితిత్తుల రక్తనాళములోనికి చేరును. అక్కడి ఒత్తిడిని, ప్రవాహమును కొలిచి చెప్పును. త్వరలోనే లోకమంతట ఐసీయూలలో అది వాడుకలోనికి వచ్చెను.

అంత లోతుగా చూచుటవలన రోగులు ఎక్కువగా బ్రతికిరా? బ్రిటనులో 65 ఐసీయూలలో 1,041 మంది రోగులను రెండు గుంపులుగా చేసి చూచిరి. ఆ పరిశోధన 2005లో ప్రచురింపబడెను. గొట్టము వేసినవారిలో ఆసుపత్రిలో మరణించినవారు నూటికి 68 మంది, వేయనివారిలో 66 మంది. తేడా లేదన్నమాట. పైగా గొట్టము వేసినవారిలో కొందరికి దానివలననే హాని కలిగెను. గొట్టము అబద్ధము చెప్పలేదు. అది సరిగానే కొలిచెను. అయితే కొలిచినంతమాత్రమున ఎవడును స్వస్థపడడు. కొలిచిన తరువాత ఏమి చేయవలెనో ఆ కొలత చెప్పదు.

ఇప్పుడు గాయము లేని దారి యొకటి తెరువబడినది. 1980లలో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున బార్బరు, బ్రౌను అను శాస్త్రజ్ఞులు ఆరంభించిన పద్ధతి ఇది. రోగి రొమ్ముచుట్టు ఒక పట్టీ కట్టుదురు. దానికి 16 గాని 32 గాని లోహపు బిళ్లలుండును. వాటిగుండా రోగికి తెలియనంత కొద్ది విద్యుత్తును పంపుదురు. గాలి విద్యుత్తును అడ్డగించును. రక్తము దానిని పోనిచ్చును. ఈ తేడానుబట్టి గాలి ఎక్కడ నిండుచున్నదో తెరమీద బొమ్మగా కనబడును. రక్తపు దారిని చూడవలెనన్నప్పుడు ఉప్పునీటి సహాయము తీసికొందురు. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా పోనిచ్చును. కొన్ని సెకన్లు వెంటిలేటరు ఊపిరిని ఆపి, కొద్ది మిల్లీలీటర్ల గాఢమైన ఉప్పునీటిని పెద్ద నరములోనికి పంపినయెడల, అది రక్తముతోపాటు ఏయే భాగమునకు చేరెనో తెరమీద తెలియును. ఇట్టి రోగులకు మందులకొరకు ముందే వేసియున్న గొట్టము చాలును. క్రొత్తగా గుండెలోనికి ఏమియు దూర్చనక్కరలేదు. రోగిని స్కానింగు గదికి మోసికొనిపోనక్కరలేదు. మంచముప్రక్కనే ఎన్నిమారులైనను చూడవచ్చును. గుండెను, దాని కుడి భాగపు శ్రమను ఎకో పరీక్షవలన కూడ చర్మముపైనుండియే చూడవచ్చును.

గాయము చేయక చూచుట దానియంతట అదే మేలు అని నేనందును. స్మారకము లేని రోగి "వద్దు" అని చెప్పలేడు. అతని మెడను పొడిచినను, తొడను పొడిచినను మౌనముగా నుండును. మాటలాడలేనివాని దేహమును మరి ఎక్కువ గౌరవముతో ముట్టవలెను. అనవసరమైన సూదిపోటు ఒక్కటి తగ్గించినను అది కనికరమే. ఈ సాధనములను తలపెట్టినవారికి మనము కృతజ్ఞులమై యుండవలెను.

అయితే ఇక్కడనే అసలు ప్రశ్న. లూకా సువార్త 10వ అధ్యాయములో యెరికో దారిని దొంగల చేతికి చిక్కి కొనప్రాణముతో పడియున్న మనుష్యుని సంగతి మీరెరుగుదురు. ఆ దారిని యాజకుడు వచ్చెను, లేవీయుడు వచ్చెను, సమరయుడు వచ్చెను. మనము వారి తేడాను తరచుగా చెప్పుకొందుము గాని, వారి పోలికను గమనింపము. ముగ్గురును అతని చూచిరి. మొదటి ఇద్దరికి కన్నులు లేకపోలేదు. గాయములు వారికి కూడ సమరయునికి కనబడినట్లే కనబడెను. మరియు వారు అతనికి క్రొత్తగా ఏ గాయమును చేయలేదు. చూపులో వారు ముగ్గురును సమానులే. చూచిన తరువాత కాళ్లు ఎటు నడిచెనో, చేతులు ఏమి చేసెనో అక్కడ తేడా వచ్చెను.

కాబట్టి గాయము చేయని చూపు రెండు విధములుగా నుండగలదు. చూచి ప్రక్కగా పోవువాడును గాయము చేయడు. చూచి దగ్గరకు వచ్చువాడును గాయము చేయడు. గాయము చేయకపోవుట మొదటి మెట్టే గాని పూర్తి ధర్మము కాదు.

ఈ విషయములో మన క్రైస్తవ చరిత్రయే ఒక సాక్ష్యము పలుకుచున్నది. అది వినుటకు ఇంపుగా ఉండదు. రక్తము గుండె కుడి భాగమునుండి ఊపిరితిత్తులగుండా ఎడమ భాగమునకు వచ్చునని 13వ శతాబ్దములోనే ఇబ్న్ అల్ నఫీస్ అను అరబ్బు వైద్యుడు వ్రాసెను. ఐరోపాలో ఆ సంగతిని మొదట అచ్చువేయించినవాడు మైకేల్ సెర్వెటస్. 1553లో అతడు దానిని వైద్య గ్రంథములో గాక, వేదాంత గ్రంథములో, ఆత్మను గూర్చి తర్కించుచు వ్రాసెను. త్రిత్వమును గూర్చి అతని బోధ తప్పని, అదే సంవత్సరము అక్టోబరు 27న జెనీవా పట్టణపు అధికారులు అతనిని కంబమునకు కట్టి దహించిరి. ఆ పట్టణము సంస్కరణ సంఘమువారిది. మన ప్రొటెస్టంటు పూర్వికులది. 1903లో కాల్విను అనుచరులే ఆ చోట దుఃఖము తెలుపుచు ఒక రాతి స్తంభము నిలిపిరి. గ్రంథములు బాగుగా చదివినవారే ఎదుట నిలిచిన మనుష్యుని సరిగా చూడలేకపోయిరి. జ్ఞానము గలవారికి కనికరము దానంతట అదే కలుగదని ఆ రాయి నేటికిని చెప్పుచున్నది.

ఇక సాధనములకును గ్రుడ్డితనము కలదని మరువరాదు. మనలో అనేకులు చేతపట్టి చూచిన సాధనము వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు. 1974లో జపాను దేశస్థుడైన అయోయాగి దాని సూత్రమును ప్రకటించెను. అది ఊపిరితిత్తులను చూడదు. వ్రేలిగుండా వెలుతురు పంపి, రక్తములో ప్రాణవాయువు ఎంత ఎక్కినదో లెక్కకట్టును. పంట ఎంతయో కొలిచి చెప్పును గాని, కాలువ ఎక్కడ తెగినదో చెప్పలేదు. అంతేకాదు. 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ఒక సంగతిని ప్రకటించిరి. ఆక్సిమీటరు 92 మొదలు 96 వరకు చూపుచు "పరవాలేదు" అన్నట్లుండగా, నిజమునకు రక్తములో ప్రాణవాయువు 88 కంటె తక్కువగా నున్నవారు తెల్లవారిలో నూటికి 3.6 మంది, నల్లవారిలో 11.7 మంది. చర్మపు రంగు వెలుతురును మార్చుటయే దీనికి కారణమని వైద్యులు తలంచుచున్నారు. ఎండలో పొలముపని చేయు మన ప్రజలు ఈ మాటను పెడచెవిని పెట్టరాదు. అంకె బాగున్నను మనిషికి ఆయాసము హెచ్చుచున్నయెడల, పెదవులు నల్లబడుచున్నయెడల, మాట తడబడుచున్నయెడల అంకెను నమ్మి ఇంట కూర్చుండవద్దు. మనిషిని చూడుడి. 108కి ఫోను చేయుడి.

చూపు చేతులతో కలిసినప్పుడు ఏమగునో కూడ చెప్పవలెను. వెల్లకిల పరుండిన రోగికి ఊపిరితిత్తుల వెనుక భాగము బరువుచేత నలిగి గాలి చేరదు; అయినను రక్తము అక్కడికే మిక్కుటముగా పారును. అతనిని బోర్లా త్రిప్పినయెడల ఆ భాగము విప్పారి గాలి చేరును. నీరున్న మడికే నారు చేర్చినట్లగును. 2013లో ప్రచురింపబడిన పరిశోధనలో 466 మంది రోగులను చూచిరి. తీవ్రముగా ఊపిరితిత్తులు చెడి వెంటిలేటరుమీద నున్నవారిని రోజుకు కనీసము 16 గంటలు బోర్లా ఉంచగా, 28 దినములలో మరణించినవారు నూటికి 16 మంది. అట్లు చేయనివారిలో సుమారు 33 మంది. ఇది ఖరీదైన మందు కాదు. గొట్టములు ఊడిపోకుండ, ముఖము ఒత్తుకొనకుండ, నలుగురైదుగురు నర్సులు, సహాయకులు కలిసి ఒక మనిషిని జాగ్రత్తగా త్రిప్పుటయే. లోపలి సంగతి తెలిసినందున ఆ చేతులకు ఏమి చేయవలెనో తెలిసెను. ఆ చేతులు లేనియెడల తెలిసికూడ ప్రయోజనము లేదు. డాక్టరుగారి పేరు మనము చెప్పుకొందుము. రాత్రివేళ రోగిని త్రిప్పిన నర్సమ్మ పేరు ఎవరికి తెలియును?

మన శ్రీకాకుళపు నేలమీదనే ఇట్టి చూపునకు ఒక మాదిరి కలదు. మన పల్లెలలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలో పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు మీకు తెలిసినదే. విజయనగరము వేరు జిల్లాగా ఏర్పడక (అది 1979లో జరిగెను) పూర్వము, వైద్యులు శ్రీకాకుళం జిల్లా పల్లెలకు వచ్చి 10,169 మంది నోళ్లను పరీక్షించి, ఆ సంగతులను 1971లో ప్రచురించిరి. నోరు తెరచి చూచుట, గాయమేమియు లేదు. పరిశోధకులు వ్రాసికొని వెళ్లిపోయియుండవచ్చును. అట్లు జరుగలేదు. తరువాత ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల పల్లెలలో 36 వేలకు పైగా పొగాకు వాడువారిని ఎన్నుకొని, మానుమని బోధించుచు, ఏటేటా మరల వచ్చి చూచిరి. బోధింపబడినవారిలో మానినవారు ఎక్కువైరని 1986లో ప్రచురింపబడెను. చూచినవారు మరల వచ్చిరి. సమరయుడును పూటకూళ్లవానికి డబ్బిచ్చి, తిరిగి వచ్చునప్పుడు మిగిలినది ఇత్తునని చెప్పియే వెళ్లెను గదా. తిరిగి వచ్చుట కూడ కనికరములో భాగమే.

కడపట కుటుంబముల సంగతి. గాయములు చర్మముమీదనే కలుగవు. రెండెకరముల భూమి అమ్మి, మెడలోని పుస్తె తాకట్టుపెట్టి, ఐసీయూలో దినములు లెక్కించు ఇంటికి కలుగునది కూడ గాయమే. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మన శ్రీకాకుళము ఒకటి. అది ఎందరికో ఊత అయ్యెను. అయినను వెంటవచ్చినవారి తిండి, బస, ప్రయాణము, పోయిన కూలి అను ఖర్చులు ఉండనే యుండును. సూది గ్రుచ్చని పరీక్షయైనను, దానివలన చికిత్సలో ఏ మార్పును రానియెడల, అది రోగిని గాయపరచకపోయినను ఇంటిని గాయపరచవచ్చును.

కావున అట్టి సమయమున వైద్యుని ఎదుట సిగ్గుపడక మూడు సంగతులు అడుగుడి. మొదటిది, "మీరేమి చూచితిరి? మాకు తెలియు మాటలలో చెప్పుడి." రెండవది, "ఆ చూచినదానినిబట్టి చికిత్సలో ఏమి మారును?" మూడవది, "దీనివలన ఆయన కోలుకొనునని మీకు ఆశ యున్నదా, లేక మరణము ఆలస్యమగుట మాత్రమేనా?" ఈ ప్రశ్నలు అడుగుట అవిశ్వాసము కాదు, అమర్యాదయు కాదు. మంచి వైద్యుడు వీటికి కోపపడడు.

మూడవ ప్రశ్నకు చేదు జవాబు రావచ్చును. కోలుకొను ఆశ లేనప్పుడు యంత్రములతో ప్రాణమును ఈడ్చవద్దని మనిషి ముందుగానే వ్రాసి యుంచవచ్చునని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులువు చేసెను. దీనిని తలచుటయే పాపమని కొందరందురు. నేనట్లు తలంచను. ప్రాణము దేవుడిచ్చినది గనుక దానిని మనము తీయరాదు. దేవుడు పిలుచుచుండగా యంత్రముతో పట్టి నిలుపుట కూడ మన ధర్మము కాదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడనో తెరమీది బొమ్మ చెప్పలేదు. రోగి మనస్సు ఎరిగినవారు, వైద్యుడు, సంఘ పెద్దలు కలిసి నిదానముగా కనుగొనవలసినది. అందుకే మన పెద్దవారు ఆరోగ్యముగా నున్నప్పుడే, మాటలాడగలిగినప్పుడే, వారి కోరిక ఏమో అడిగి తెలిసికొనుట పిల్లలకు తగును. "అమ్మా, నీకేమిష్టము?" అని ఐసీయూ తలుపు దాటిన తరువాత అడుగలేము.

లోపలికి అనుమతించినప్పుడు మొదట తెరను చూడవద్దు. తెరను చూచుటకు అక్కడ వేరొకరున్నారు. మీరు ముఖమును చూడుడి. చేయి పట్టుకొనవచ్చునా అని నర్సును అడిగి పట్టుకొనుడి. స్మారకము లేనట్లున్నవారికి కూడ కొన్నిసార్లు మాట వినబడును గనుక మెల్లగా పేరు పెట్టి పిలువుడి. ఊపిరితిత్తులలో రక్తము ఎటు పారుచున్నదో చూచుట వైద్యుని పని. ఆ మంచముమీద నున్నది మన తండ్రి, మన అక్క, మన పొరుగువాడు అని చూచుట మన పని. ఈ రెండు చూపులు కలిసిననే రోగికి మేలు.